ముడవని రెక్కలు: ఏ-4 స్కైహాక్ యుద్ధాల్లో అసలేం చేసింది?

యుద్ధ విమానం అనగానే మనం అడిగే మొదటి రెండు ప్రశ్నలు: ఎంత వేగం పోతుంది, ఎన్ని బాంబులు మోస్తుంది? ఏ-4 స్కైహాక్ విషయంలో ఈ రెండూ పక్కదారి పట్టిస్తాయి. మామూలుగా ఎగిరేటప్పుడు అది ధ్వని వేగాన్ని దాటలేదు. తొలి రకాల్లో రాడార్ కూడా లేదు. ఒక్క ఇంజన్, ఒక్క సీటు. పక్కన నిలబడ్డ మిగతా జెట్ల ముందు పిల్లకాయలా ఉండేది. అయినా 1960ల్లో ఉత్తర వియత్నాం మీద అమెరికా నౌకాదళం చేసిన దాడుల్లో పెద్ద భారం మోసింది ఇదే. ఆ యుద్ధంలో అమెరికా నౌకాదళం అన్నిటికంటే ఎక్కువగా పోగొట్టుకున్న విమానం కూడా ఇదే.

ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చాలామంది రెండు రకాల తీర్పులిస్తారు. కొందరికి స్కైహాక్ ఒక అద్భుతం, ఇంకొందరికి అదొక అగ్గిపెట్టె. నాకు రెండూ సగం సగం మాటలుగానే కనిపిస్తాయి. ఈ విమానాన్ని చిన్నదిగా చేసింది ఓడ. చిన్నదిగా ఉండడం వల్ల వచ్చిన లాభం ఎక్కువగా ఓడకు దక్కింది, నష్టం మాత్రం పైలట్ మీద పడింది. ఆ నష్టం ఎంతన్నది విమానం కంటే దాని చుట్టూ ఎగిరే మిగతా విమానాల మీద ఆధారపడింది. ఈ లెక్క అర్థం కావాలంటే ముందు డెక్ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఓడ, తర్వాత విమానం

విమానవాహక నౌక డెక్ బయటివాళ్లకు మైదానంలా కనిపిస్తుంది. నిజానికి అది పెళ్లింటి ముందు సందులో కార్లు పెట్టినట్టు ఉంటుంది: ముందున్నది కదిలితే తప్ప వెనకది బయటికి రాదు. విమానాన్ని కింది హ్యాంగర్ నుంచి పైకి తేవాలంటే లిఫ్టులో పట్టాలి. లిఫ్టు ఎంత బరువు ఎత్తగలదో, విమానాన్ని డెక్ మీంచి గాల్లోకి తోసే కాటపల్ట్ ఎంత బరువును విసరగలదో, దిగే విమానాన్ని ఆపే ఇనుప తాళ్లు ఎంత లాగుడుకు తట్టుకుంటాయో అన్నిటికీ హద్దులున్నాయి. అమెరికా దగ్గర అప్పటికి ఉన్న నౌకల్లో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన ఎసెక్స్ తరగతివి. పంఖా విమానాల కోసం కట్టిన ఆ ఓడల మీదికి జెట్లు వచ్చాయి, ఏడాదికేడాది బరువెక్కుతూ వచ్చాయి.

బరువుది ఒక విషచక్రం. కాస్త ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువ ఇంధనం కావాలి, దానికి పెద్ద రెక్క కావాలి, ఆ రెక్కను మోయడానికి పెద్ద ఇంజన్ కావాలి, ఆ ఇంజన్ ఇంకా ఎక్కువ ఇంధనం తాగుతుంది. కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో డగ్లస్ కంపెనీ ఇంజనీరు ఎడ్ హైన్‌మన్ ఈ చక్రాన్ని వెనక్కి తిప్పవచ్చని వాదించాడు. ఒక చోట కిలో తగ్గిస్తే దాని వెంట మిగతా చోట్ల కూడా కిలోలు తగ్గుతాయన్నది ఆయన లెక్క. నౌకాదళం కొత్త దాడి విమానం 30,000 పౌండ్ల దాకా, అంటే పదమూడున్నర టన్నుల పైచిలుకు ఉండవచ్చని అనుకుంటుంటే, ఆయన దాదాపు అందులో సగానికే చేసి చూపిస్తానన్నాడు. 1952లో కాంట్రాక్టు దక్కింది. 1954 జూన్ 22న మొదటి నమూనా ఎగిరింది. మరుసటి ఏడాది అక్టోబరులో 500 కిలోమీటర్ల వలయ మార్గంలో గంటకు సుమారు 1,118 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టింది. బాంబులు మోయడానికి పుట్టిన విమానం ఫైటర్లు పెట్టుకోవలసిన రికార్డు పట్టుకుపోవడం అప్పట్లో పెద్ద ముచ్చటే అయి ఉంటుంది.

హైన్‌మన్ బరువును ఎక్కడెక్కడ కోశాడో చూడండి. ఓడ మీది విమానాల రెక్కలు మడిచిపెట్టేలా ఉండాలి, లేకపోతే చోటు చాలదు. మడత అంటే కీళ్లు, తాళాలు, హైడ్రాలిక్ గొట్టాలు, వాటి కోసం మళ్లీ బలమైన దూలాలు. ఆయన రెక్కనే కుదించేశాడు. త్రికోణాకారపు రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 27 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. లిఫ్టులో అలాగే పడుతుంది, మడవాల్సిన పనే లేదు. కీళ్లు పోవడంతో రెక్కను ఒకే ముక్కగా, లోపలి దూలాలు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎక్కడా తెగకుండా కట్టగలిగారు. లోపలి ఖాళీ అంతా ఇంధనం ట్యాంకే. చక్రాల కాళ్లు లోపలికి ముడుచుకున్నప్పుడు కూడా ఆ దూలాలను కోయకుండా, రెక్క కిందే పడుకునేలా అమర్చారు. రెక్క ముందంచున కదిలే పలకలకు, అంటే స్లాట్లకు, మోటారు లేదు, వేగం తగ్గి గాలి ఒత్తిడి పడిపోతే అవే కిందికి జారుతాయి. ఇంజన్ ఆగిపోతే కరెంటు కోసం బరువైన బ్యాటరీని నమ్ముకోలేదు. పక్క నుంచి ఒక చిన్న గాలిపంఖా బయటికి వచ్చి, ఎదురుగాలికి తిరుగుతూ జనరేటరును నడిపేది.

తోక దగ్గర చుక్కాని పలక కథ ఇంకా బాగుంటుంది. మొదట చేసిన పలక గాలిలో వణికింది. తాత్కాలికంగా ఏదో ఒకటి చేద్దామని మధ్యలో ఒకే రేకు పెట్టి, లోపల ఉండాల్సిన పక్కటెముకలను బయటికి కనిపించేలా రెండు వైపులా బిగించారు. చూడడానికి చొక్కా తిరగేసి వేసుకున్నట్టు ఉంటుంది. ఆ తాత్కాలిక ఏర్పాటే 1979లో చివరి విమానం తయారయ్యే దాకా, 2,960 విమానాల ఉత్పత్తిలో కొనసాగింది. పని చేస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలి అనుకునే మనస్తత్వం ఈ విమానంలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఇంత కోసినా ఇంజన్ బలం గొప్పదేమీ కాదు. వియత్నాంలో ఎక్కువగా కనిపించిన ఏ-4ఈ రకం ఖాళీ బరువు సుమారు నాలుగున్నర టన్నులు. నిండా నింపితే పదకొండు టన్నులు దాటేది, అంటే తన బరువు కంటే ఎక్కువ సామాను మోసేది. జే-52 ఇంజన్ తోపుడు నాలుగు టన్నుల లోపే. ఈ నిష్పత్తితో ఆ పొట్టి డెక్ మీద నుంచి సొంతంగా లేవడం కుదరని పని. విమానం పొట్ట కిందున్న కొక్కేలకు ఒక ఉక్కు తాడు తగిలించి, దాన్ని ఆవిరి కాటపల్ట్‌కు కలిపి, రెండు మూడు సెకన్లలో ముందుకు విసిరేవారు. విమానం లేచిపోయేది, తాడు కిందికి రాలిపోయేది. స్కైహాక్‌లో లేని బలాన్ని ఓడ అరువిచ్చేది. ఈ అరువు సంగతి గుర్తుపెట్టుకోండి, దక్షిణ అట్లాంటిక్‌లో మళ్లీ దీనితో పని పడుతుంది.

ఒక్క బాంబు కోసం పుట్టింది

స్కైహాక్ ఫొటో చూసిన ఎవరికైనా ముందు కనిపించేవి దాని కొంగ కాళ్లు. అంత చిన్న విమానానికి అంత పొడుగు కాళ్లెందుకంటే, పొట్ట కింద అణుబాంబు పట్టాలి కాబట్టి. 1950ల్లో అమెరికా నౌకాదళానికి ఒక భయం ఉండేది: అణుయుద్ధం పేరు చెప్పి వైమానిక దళం బడ్జెట్ అంతా ఊడ్చుకుపోతుందని. సముద్రం మీంచి లేచి శత్రు తీరం దాటి లోపలికి వెళ్లి ఒక్క బాంబు వేయగల చవక విమానం ఆ వాదులాటలో నౌకాదళానికి పెద్ద దన్ను. ఒక్క బాంబే అయితే ఎక్కువ మోయనక్కర్లేదు, అందుకే చిన్న విమానం సరిపోతుంది. అసలు డిజైన్ తర్కం ఇది.

పైలట్ చేయాల్సిన పని మాత్రం ఒళ్లు జలదరించేది. నేలను ఆనుకుని వచ్చి, గమ్యం దగ్గర ఒక్కసారిగా పైకి లేచి, లేచే ఊపులోనే బాంబును విసిరి, గాల్లో తలకిందులై వెనక్కి తిరిగి పారిపోవాలి. పేలుడు వెలుగుకు కళ్లు పోకుండా కాక్‌పిట్‌ను మూసే తెర ఉండేది. తిరిగి వచ్చేంత ఇంధనం మిగలని దాడి పథకాలు కూడా ఆ రోజుల్లో ఉండేవి.

ఆ అణు విధిలో స్కైహాక్ ఒక్క బాంబూ వేయలేదు, కానీ ఒకటి పోగొట్టింది. 1965 డిసెంబరు 5న టికాండెరోగా అనే నౌక మీద, బి-43 అణుబాంబు తగిలించిన ఏ-4ఈని హ్యాంగర్ నుంచి లిఫ్టు మీదికి నెడుతున్నారు. విమానం ఆగలేదు. లిఫ్టు అంచు దాటి సముద్రంలో పడిపోయింది. లోపల ఉన్న లెఫ్టినెంట్ డగ్లస్ వెబ్‌స్టర్, విమానం, బాంబు మూడూ మునిగిపోయాయి, ఏదీ దొరకలేదు. అది జపాన్ దీవులకు దగ్గర్లో జరిగిందన్న సంగతి 1989లో గానీ బయటపడలేదు. అణ్వస్త్రాల పేరు చెబితేనే మండిపడే జపాన్‌లో ఎంత గొడవైందో చెప్పనక్కర్లేదు.

టోంకిన్ సింధుశాఖ

అణుయుద్ధం రాలేదు. వియత్నాం వచ్చింది. 1964 ఆగస్టు 5న ఉత్తర వియత్నాం మీద అమెరికా తొలి బాంబు దాడుల్లో హోన్ గాయ్ రేవు మీదికి వెళ్లిన స్కైహాక్ ఒకటి కూలింది. దాని పైలట్ ఎవరెట్ అల్వారెజ్ పట్టుబడి 1973 ఫిబ్రవరిలో గానీ విడుదల కాలేదు. ఎనిమిదేళ్లకు పైగా చెరలో ఉన్నాడు. అంటే యుద్ధంలో ఆ విమానం మొదటి రోజే దాని అసలు ధర తెలిసివచ్చింది.

1965 మార్చిలో మొదలైన ‘రోలింగ్ థండర్’ దాడులు 1968 నవంబరు దాకా సాగాయి. టోంకిన్ సింధుశాఖలో ‘యాంకీ స్టేషన్’ అని పిలిచిన చోట నౌకలు వంతులవారీగా నిలిచి ఉత్తరాది మీదికి విమానాలు పంపేవి. ఏ గమ్యం మీద దాడి చేయాలో చాలావరకు వాషింగ్టన్‌లో, అధ్యక్షుడి మంగళవారం మధ్యాహ్న భోజనాల దగ్గర తేలేది. అవే వంతెనలు, అవే విద్యుత్ కేంద్రాలు, అవే దారులు. ఎదురు కాచుకున్నవాళ్లకు రాకపోకలు ముందే తెలిసినట్టే. అణుబాంబు కోసం చేసిన విమానానికి ఇప్పుడు మామూలు ఇనుప బాంబులు కట్టారు. ఒక్కసారి విసిరి పారిపోవడానికి చేసినది రోజుకు రెండుసార్లు, వారాల తరబడి, కాపలా గట్టిగా ఉన్న చోట్ల నిటారుగా డైవ్ చేయాల్సి వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. స్కైహాక్‌లు తమంతట తాము వెళ్లి బాంబులు వేసి వచ్చాయన్నట్టు కథలు చెబుతారు. పెద్ద దాడి, వాళ్ల భాషలో ‘ఆల్ఫా స్ట్రైక్’, అంటే ఒక నౌక మీదున్న దాదాపు అన్ని రకాల విమానాలూ కలిసి కదిలే ఊరేగింపు. శత్రువు ఫైటర్లైన మిగ్‌ల సంగతి చూడడానికి ఎఫ్-8 లేదా ఎఫ్-4 ఫైటర్లు పైన ఉంటాయి. శత్రు రాడార్ల కళ్లు కప్పే జామర్లు తీరం బయట తిరుగుతాయి. ఇంధనం పోసే ట్యాంకర్లు దారిలో కాచుకుంటాయి. బాంబులు మోసే స్కైహాక్‌లకు ముందు ఇంకొన్ని స్కైహాక్‌లు వెళ్లి విమాన విధ్వంసక ఫిరంగుల మీద దాడి చేస్తాయి. బాంబుల గుంపు గమ్యం పైన గడిపేది నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది నిమిషాల కోసం మిగతా అంతా.

ఈ ఊరేగింపులో అన్నిటికంటే ప్రమాదకరమైన పనికి ‘ఐరన్ హ్యాండ్’ అని పేరు. నేల మీంచి విమానాలను కొట్టే సోవియట్ ఎస్ఏ-2 క్షిపణులు 1965 వేసవిలో రంగంలోకి దిగాయి. నౌకాదళం వాటి దెబ్బకు మొదట పోగొట్టుకున్నది కూడా, ఆ ఆగస్టులో, ఒక స్కైహాక్‌నే. విరుగుడుగా వచ్చిన ష్రైక్ క్షిపణి శత్రు రాడార్ కిరణాలను పట్టుకుని వాటి మూలం మీదికి వెళ్లి పడుతుంది. చెప్పడానికి తేలికే. కానీ ష్రైక్ పరిధి ఎస్ఏ-2 పరిధి కంటే తక్కువ. అంటే కొట్టాలంటే ముందు వాళ్ల క్షిపణి పరిధిలోకి వెళ్లాలి, రాడార్ తనని చూసేలా దానికి ఎదురుగా ఎగరాలి. వైమానిక దళంలో ఇదే పనికి ఇద్దరు కూర్చునే విమానాలు వాడారు. వెనక ఒకడు రాడార్ సంకేతాలు వింటాడు, ముందున్నవాడు నడుపుతాడు. స్కైహాక్‌లో ఉన్నది ఒక్కడే. హెడ్‌ఫోన్‌లో రాడార్ కూతను వింటూ, క్షిపణి లేచిందేమోనని కిందికి చూస్తూ, తన ష్రైక్‌ను గురిపెడుతూ, విమానం నడుపుతూ అన్నీ ఆ ఇరుకు కాక్‌పిట్‌లో వాడే చేసుకోవాలి. అటు రాడార్ నడిపేవాళ్లూ తెలివి మీరారు. ష్రైక్ వస్తోందని అనుమానం రాగానే స్విచ్ ఆపేసేవారు, క్షిపణి గుడ్డిదైపోయేది. రాడార్ పేలకపోయినా, అది ఆగి ఉన్న ఆ కాసేపట్లో బాంబుల గుంపు దాటిపోతే ఐరన్ హ్యాండ్ పని అయినట్టే. ఈ విజయాన్ని లెక్కల్లో చూపించడం కష్టం, అందుకే దాన్ని తక్కువగా చెబుతారు.

మైకేల్ ఎస్టోసిన్ అనే పైలట్ కథలో ఈ వ్యవస్థ మొత్తం ఒక్కచోట కనిపిస్తుంది. 1967 ఏప్రిల్ 20న టికాండెరోగా నుంచి లేచి హైఫాంగ్ దగ్గర మూడు క్షిపణి స్థావరాలను దెబ్బతీశాడు. ఆయన విమానానికీ దెబ్బ తగిలింది. అయినా ఉన్న ష్రైక్‌లన్నీ వాడేదాకా కదల్లేదు. తిరుగు ముఖం పట్టేసరికి ఐదు నిమిషాలకు సరిపోయే ఇంధనం కూడా లేదు. చిల్లుల్లోంచి కారుతోంది. ట్యాంకర్ వచ్చి గొట్టం అందించింది. ఆయన ముక్కు పక్కన ఉండే గొట్టాన్ని అందులో దూర్చి, వందకు పైగా మైళ్లు ట్యాంకర్‌కు అంటుకునే వచ్చాడు. అటు పోస్తుంటే ఇటు కారిపోతోంది. ఓడకు మూడు మైళ్ల దూరంలో విడిపోయి, రెండో ప్రయత్నానికి ఇంధనం లేని స్థితిలో, మంటలతోనే డెక్ మీద దిగాడు. ఆరు రోజుల తర్వాత అదే హైఫాంగ్ మీదికి అదే పని మీద వెళ్లి తిరిగి రాలేదు. అమెరికా అత్యున్నత సాహస పతకం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ ఆయనకు దక్కింది. ఇందులో విమానం గట్టిదనం ఎంత ఉందో, ట్యాంకర్ పైలట్ చేసిన పని కూడా అంతే ఉంది.

మరి అన్ని స్కైహాక్‌లు ఎందుకు కూలాయి? విమానం నాసిరకమైనందుకు కాదు. హైడ్రాలిక్ పోతే చేతి బలంతో కర్ర లాగి నడుపుకునే ఏర్పాటు ఉంది. చిన్నది కాబట్టి గురిపెట్టడమూ కష్టమే. కానీ రెక్కంతా ఇంధనమే, ఎక్కడ తూటా దిగినా కారడం ఖాయం. అన్నిటికీ మించి, అది అందరికంటే ఎక్కువసార్లు, అందరికంటే కిందికి, అందరికంటే గట్టి కాపలా ఉన్న చోటికి వెళ్లింది. 1965 సెప్టెంబరులో నౌక విమాన దళాధిపతి జేమ్స్ స్టాక్‌డేల్ కూలి పట్టుబడింది స్కైహాక్‌లోనే. 1967 అక్టోబరు 26న హనోయ్ విద్యుత్ కేంద్రం మీద బాంబు వేస్తుండగా క్షిపణి తగిలి ట్రుక్ బాక్ చెరువులో పడి, ఐదేళ్లకు పైగా ఖైదీగా ఉన్న జాన్ మెకెయిన్ ఎక్కి వచ్చిందీ స్కైహాకే. తర్వాత ఆయన సెనేటరై, 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేయడంతో ఈ విమానం పేరు మన పేపర్లలో కూడా కనిపించింది.

మెకెయిన్ అంతకు మూడు నెలల ముందే ఒక గండం తప్పించుకున్నాడు. 1967 జులై 29న ఫారెస్టల్ నౌక డెక్ మీద, ఒక ఎఫ్-4కు తగిలించిన జూని రాకెట్ దానంతట అదే దూసుకుపోయి, ఎదురుగా బాంబులతో, నిండు ట్యాంకులతో వరసగా నిలబెట్టిన స్కైహాక్‌లలో ఒకదాని ఇంధన ట్యాంకుకు తగిలింది. ఇంధనం మంటై డెక్ మీద పారింది. ఆ రోజు తగిలించిన బాంబుల్లో కొన్ని పాత నిల్వల్లోంచి తీసినవి, మంటల్లో ఎక్కువసేపు నిలవనివి. ఒకటిన్నర నిమిషంలోనే మొదటి బాంబు పేలింది, అప్పటికి మంటలార్పే మొదటి బృందం దానికి ఎదురుగా ఉంది. 134 మంది పోయారు. చిన్న చోటులో ఎక్కువ విమానాలు పేర్చగలగడం స్కైహాక్ వల్ల ఓడకు కలిగిన మేలే. ఆ పేర్పు నిప్పుకు ఎంత దగ్గరో ఆ ఉదయం తెలిసింది.

ఇంకో చిక్కు అంకెలది. ఆ యుద్ధంలో ఎన్ని ‘సార్టీలు’ (ఒక విమానం ఒకసారి వెళ్లి వస్తే ఒక సార్టీ) ఎగిరారన్నది ఒక కొలబద్ద అయిపోయింది. నౌకాదళం, వైమానిక దళం రెండూ తమ లెక్క తగ్గకూడదనుకున్నాయి. 1966లో బాంబుల కొరత వచ్చినప్పుడు కూడా విమానాలు సగం నిండకుండానే ఎగిరాయి. ఒక విమానంతో పోయేదానికి రెండు పంపితే లెక్కలో రెండు సార్టీలు. ప్రమాదమూ రెండింతలే. త్వరగా నింపి త్వరగా మళ్లీ పంపగల స్కైహాక్ ఈ లెక్కల ఆటకు బాగా సరిపోయింది. అది విమానం తప్పు కాదు. కానీ ‘రోజుకు ఇన్నిసార్లు ఎగిరింది’ అన్న పొగడ్త చదివినప్పుడల్లా నాకీ సంగతే గుర్తొస్తుంది.

దక్షిణ వియత్నాంలో అమెరికా మెరీన్ దళపు స్కైహాక్‌లది వేరే జీవితం. 1965లో చూ లాయ్ ఇసుక మీద అల్యూమినియం పలకలు పరిచి పొట్టి రన్‌వే వేశారు. ఓడ మీదున్నట్టే ఆపే తాళ్లు పెట్టారు. కింద పోరాడే సైనికులకు అడిగిన వెంటనే అండగా రావడం వాటి పని. ఓడ మీద దిగడానికి చేసిన బలమైన కాళ్లు, కొక్కెం ఇక్కడ నేల మీద అక్కరకొచ్చాయి. ఇక గాల్లో పోరాటం సంగతంటారా, 1967 మే 1న కెప్ స్థావరం దగ్గర టెడ్ స్వార్ట్జ్ ఒక మిగ్-17ను కూల్చాడు. నేల మీద దాడికి తెచ్చుకున్న గురి లేని జూని రాకెట్లతో! ఆ యుద్ధంలో స్కైహాక్‌కు దక్కిన మిగ్ అదొక్కటే.

గాలి లేని ఉదయం

చుట్టూ ఉన్న ఏర్పాట్లన్నీ తీసేస్తే ఇదే విమానం ఏం చేయగలదు? ఈ ప్రశ్నకు జవాబు 1982లో, ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనా, బ్రిటన్ చేసిన యుద్ధంలో దొరికింది.

అర్జెంటీనా దగ్గర ‘వెయింటిసింకో డి మాయో’ అనే విమానవాహక నౌక ఉండేది. బ్రిటిష్ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన తేలికపాటి నౌకల డిజైన్‌లోంచి వచ్చింది. మన పాత విక్రాంత్ కూడా ఆ కుటుంబంలోదే. దాని మీద ఏ-4క్యూ స్కైహాక్‌లు ఉండేవి. మే 2 తెల్లవారుజామున బ్రిటిష్ నౌకాదళం మీద దాడికి అవి సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు గాలి పడిపోయింది. నిత్యం తుపాను గాలులు వీచే దక్షిణ అట్లాంటిక్‌లో, ఆ ఉదయమే.

విమానం లేవాలంటే రెక్క మీదుగా పోయే గాలి వేగం ఒక స్థాయికి రావాలి. దానికి మూడు వాటాలు కలుస్తాయి: కాటపల్ట్ విసురు, ఓడ ముందుకు పోయే వేగం, ఎదురుగాలి. ముసలి ఓడ వేగం ఓ మాత్రంగా ఉంది, పాత కాటపల్ట్ బలమూ అంతే. ఎదురుగాలి సున్నాకు వస్తే, లోటు విమానం బరువులోంచి తీయాలి. బాంబులు తగ్గించాలి, లేదా ఇంధనం తగ్గించాలి. రెండూ తగ్గిస్తే దాడికి అర్థం లేదు. ఇందాకటి అరువు ఇదే. ఓడ ఇవ్వలేకపోయింది, దాడి జరగలేదు. అదే రోజు బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్ అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను ముంచింది, 323 మంది చనిపోయారు. విమానవాహక నౌక రేవుకు వెళ్లిపోయింది, యుద్ధం ముగిసేదాకా మళ్లీ రంగంలోకి రాలేదు.

ఈ గాలి లెక్క మనవాళ్లకు కొత్తదేం కాదు. 1971లో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లతో పనికి రాకుండా పోయింది. ఓడ వేగం తగ్గితే సీహాక్ జెట్లు లేస్తాయా అన్నదే పెద్ద చర్చ. ఎగిరించి చూసి, అవుతుందని తేల్చుకున్నాకే తూర్పుకు పంపారు. అండమాన్ వైపు దాచి, విశాఖపట్నంలోనే ఉందని శత్రువును నమ్మించారు. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 అర్ధరాత్రి విశాఖ తీరంలో మునిగిపోయింది. డిసెంబరు 4న సీహాక్‌లు విక్రాంత్ మీంచి లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. స్కైహాక్ కంటే ముందు తరం విమానం అది, బలం ఇంకా తక్కువ. అక్కడ ఎదురుగా క్షిపణులు లేవు, ఫైటర్లూ పెద్దగా రాలేదు. అందుకే ఒక్క సీహాక్ కూడా పోకుండా పని అయిపోయింది.

అర్జెంటీనాకు అలాంటి అదృష్టం లేదు. నౌకాదళ స్కైహాక్‌లు తియెర్రా దెల్ ఫ్యూగోలోని రియో గ్రాందె నుంచి, వైమానిక దళ స్కైహాక్‌లు ప్రధాన భూభాగపు స్థావరాల నుంచి ఎగిరాయి. అక్కడి నుంచి దీవులు దాదాపు 700 కిలోమీటర్ల దూరం. మొత్తం దళానికి ట్యాంకర్లు రెండే. జామర్లు లేవు, క్షిపణి హెచ్చరిక పరికరాలు లేవు, వెంట ఫైటర్ కాపలా లేదు. ఉన్న ఒకే ఉపాయం అలలను తాకేంత కిందుగా రావడం. మే 21న ఆల్బెర్టో ఫిలిప్పి నాయకత్వంలో మూడు నౌకాదళ స్కైహాక్‌లు ఆర్డెంట్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను కొట్టాయి. బాంబులు తగిలాయి, ఆ ఓడ మునిగింది. తిరుగు దారిలో బ్రిటిష్ ఫైటర్లు సీ హారియర్లు పట్టుకున్నాయి. మూడు విమానాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. మే 25న వైమానిక దళ స్కైహాక్‌లు మరో బ్రిటిష్ యుద్ధనౌక కొవెంట్రీని ముంచాయి.

అంత కిందుగా రావడానికి ఇంకో ఖరీదు ఉంది. బాంబు ఫ్యూజ్ సిద్ధం కావడానికి గాల్లో కొంత సమయం పడాలి. అలల ఎత్తు నుంచి వదిలితే ఆ సమయం ఉండదు. చాలా బాంబులు ఓడ ఉక్కును చీల్చుకుని లోపల పడ్డాయి, కానీ పేలలేదు. మే 12న ఒకటి గ్లాస్గో ఓడలో ఒక పక్క దూరి ఇంకో పక్క నుంచి పోయింది. యాంటిలోప్‌లో పడినదాన్ని నిర్వీర్యం చేస్తుండగా పేలి ఓడ రెండు ముక్కలైంది. ఆ బాంబులన్నీ పేలి ఉంటే బ్రిటన్ పరిస్థితి ఏమయ్యేదో అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వేరు: కాపలా ఉండి ఉంటే వాళ్లు అంత కిందికి రావాల్సిన అవసరమే ఉండేది కాదు.

1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్‌ది మధ్యస్థ స్థితి. దాని స్కైహాక్‌లు ఈజిప్టు, సిరియా క్షిపణుల గొడుగు కిందికి వెళ్లి తీవ్రంగా దెబ్బతిన్నాయి. భుజం మీంచి పేల్చే క్షిపణులు వేడిని వెతుక్కుంటూ వచ్చి ఇంజన్ దగ్గరే తగులుతున్నాయని, తోక గొట్టాన్ని పొడిగించారు. తగిలితే ఆ గొట్టం చివర తగులుతుంది, ఇంజన్ బతుకుతుంది. అనుభవంలోంచి పుట్టిన సవరణ.

అమెరికా నౌకల మీద స్కైహాక్ పాత్ర 1967 చివరి నుంచి ఏ-7 కోర్సెయిర్‌కు మారింది, ఆ తర్వాత ఎఫ్/ఏ-18కు. ఫైటర్ పనీ దాడి పనీ ఒకే విమానం చేస్తే డెక్ మీద ఒక రకం తగ్గుతుంది. తేలిక దాడి విమానాన్ని చివరికి పక్కకు నెట్టిందీ ఈ డెక్ లెక్కే. స్కైహాక్ మాత్రం 1970ల్లో, 80ల్లో శిక్షణ యుద్ధాల్లో మిగ్-17 వేషం కట్టి అమెరికా ఫైటర్ పైలట్లను ముప్పుతిప్పలు పెట్టింది.

ఈ చర్చ మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. ఒకే ఇంజన్ ఉన్న తేలికపాటి తేజస్ నౌకాదళ రకం 2020 జనవరిలో విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరిలో కొత్త విక్రాంత్ మీద దిగింది. దిగడంలో ఇబ్బంది లేదు. చిక్కంతా లేవడంలో. మన నౌకల మీద కాటపల్ట్ లేదు, ముందు కొస పైకి వంగిన డెక్ మీంచి సొంత ఇంజన్ బలంతోనే లేవాలి. ఓడ మీద దిగడానికి కాళ్లు, అడుగు భాగం గట్టిపరిస్తే బరువు పెరిగింది. మిగిలిన బలంతో మోయగల ఇంధనం, ఆయుధాలు చాలవని నౌకాదళం 2016లోనే చెప్పేసింది. అందుకే ఇప్పుడు రెండు ఇంజన్ల కొత్త విమానం డిజైన్ జరుగుతోంది, ఈలోగా 26 రఫేల్ విమానాలకు 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.